రిలవెంటానుభవము

పదునొకండు దినములనుండి ఒక ఆంగ్లపదము నన్ను జోరీగవలె వెంబడించుచున్నది. ఉదయమున పండ్లు తోముకొనుచుండగా, మధ్యాహ్నమున సూరతు వీథిలో ఉధనా వైపు పోవు ఆటోకై నిలిచియుండగా, రాత్రి రెండవ ముద్ద నోటికడకు పోవుచుండగా ఫోను మ్రోగును, ఏ నగరముననో చల్లని గదిలో కూర్చున్న యొక బాలిక, “సర్, మీ టోటల్ ఎక్స్‌పీరియన్స్ ట్వంటీ సిక్స్ ఇయర్స్ అని ఉంది. అందులో రిలవెంట్ ఎంత సర్?” అని మిగుల మర్యాదగా అడుగును. ఆ మర్యాదయే నన్ను చంపుచున్నది. కసరినవారిని కసరవచ్చును, మర్యాదతో ఇరువదియాఱేండ్లను సున్నచేయువారి నేమి చేయగలము? పిమ్మట నోటీసు పీరియడెంత యని ఆమె రెండవ ప్రశ్న. సైన్యమున చేరిననాడే వెడలిపోవలసిన గడువును కూడ నిర్ణయించి పంపిరి గనుక, నాయంత దీర్ఘమైన నోటీసు పీరియడు ననుభవించినవాడు ఈ దేశమున మఱియొకడుండడని చెప్పితిని. ఆమె “ఓకే సర్, ఇమ్మీడియెట్ జాయినర్” అని వ్రాసికొనెను.

ఉద్యోగాన్వేషణమును వర్ణించి చదువరుల పుండుపై కారము చల్లను. నా సంగతి మాత్రము కొంచెము చెప్పవలెను. 1911 ఫిబ్రవరి 15వ తేదీన పుట్టి, “తీవ్ర చౌకస్”, అనగా చురుకు, మెలకువ అను బిరుదవాక్యమును నేటికిని మోయుచున్న సిగ్నల్స్ దళము, నాకు జబల్పూరున సెట్టు పట్టుకొనుట నేర్పి, మహూలో లెక్కలు నేర్పి, తుదకు నన్నొక గదిలో కూర్చుండబెట్టి, ఆకాశమున ఎవరును ఎవరితోను ఢీకొనకుండ చూచుకొమ్మని యొప్పగించినది. తార్కికులు శబ్దమును ఆకాశమునకు గుణముగా చెప్పిరి. సైన్యమున నది గుణము కాదు, తగవు. కాలిబలమునకొక పౌనఃపున్యము, ఫిరంగులవారికొకటి, ఎగురువారికొకటి, రాడారునకొకటి పంచి, ఎవరి హద్దులో వారుండునట్లు కాపలా కాయవలెను. విరోధి కావలెనని చేయు గోల వేఱు. మనవారిలో మనవారే ఒకరి గొంతు నొకరు నొక్కుకొనుట వేఱు. ఈ రెండవదియే నా శాఖ. పంపకము చక్కగ జరిగినదనుటకు ఒకే నిదర్శనము కలదు: ఆ దినమున ఏమియు జరుగకుండుట.

ఇంటర్వ్యూలు కూడ కొన్ని జరిగినవి. “మీరు వాడిన పరికరమేది?” “ఒక పరికరము.” “ఎక్కడ పనిచేసితిరి?” “ఎత్తైన చోట.” “ఎన్ని స్టేషన్లు చూచుకొంటిరి?” “చాల.” ఇట్లు బదులు చెప్పువానిని లోకము అబద్ధీకుడనుకొనునే గాని, రహస్యమును కాపాడెదనని ప్రమాణము చేసినవాడనుకొనదు. ఫోనుల కంపెనీలయందును జరుగునది నా పనియే: ఒక టవరు మాట ఇంకొక టవరు మాటపై పడకుండ చూచుటయే. బండిలో వీథివీథి తిరిగి సిగ్నలును కొలుచుటకు వారు “డ్రైవ్ టెస్ట్” అని పేరు పెట్టిరి. మేము జీపులో కొండకొండ తిరిగి అదే కొలిచితిమి గాని, దానికొక పేరు పెట్టవలెనన్న బుద్ధి పుట్టలేదు. పేరు లేని పని బయోడేటాలో ఇమడదు. ఏ సాఫ్ట్‌వేర్ వాడితిరని వారు, కాగితము, పెన్సిలు, పటము అని నేను; అంతటితో గదిలో చల్లదనము ఇంకొంచెము హెచ్చును.

ఒక సంస్థవారు మాత్రము స్వయముగా పిలిచి, నా బయోడేటా తమకు మిక్కిలి నచ్చినదనిరి. వార్తలను గూఢముగ పంపు విద్యను “కమ్యూనికేషన్ సెక్యూరిటీ” అని వ్రాసియుంటిని. వారి కంప్యూటరు మొదటి మాటను వదలి రెండవ మాటను పట్టుకొన్నది. ఒక బట్టల మార్కెట్టు ద్వారమున పగటి కాపలా, పన్నెండు గంటల డ్యూటీ, టోపీ వారిదే. వలదని చెప్పి వచ్చితిని. కాపలాపని తక్కువదని కాదు. మావారెందరో గౌరవముగ చేయుచున్నారు. కాని ఫౌజీ యనగానే, వాడు తోపు పేల్చెనో, లెక్క కట్టెనో, వంట చేసెనో విచారింపక ఏదో యొక గేటునకు బిగించి పారవేయు ఈ లోకాచారమును తలచినప్పుడు మాత్రము అన్నము సహింపదు.

ఇచ్చట నొక చిన్న ముచ్చట చెప్పి మరల అసలు విషయమునకు వచ్చెదను. నవాగామునందలి మా భవనమున పదునాఱిండ్లు కలవు. పదునాల్గిండ్లలో వైఫై పెట్టెలు కలవు. క్రింది యింటి కరీంనగరపు పెద్దమనిషి ఒకనాడు వచ్చి, “తమ్మీ, నువ్వు ఫౌజుల రేడియో పనే చేసినవు గదా, మా వైఫై జర సూడరాదు, పిల్లలు ఒకటే లొల్లి” అనెను. నా అనుభవము రిలవెంటని ఈ భూమిపై తొలుత గుర్తించిన మహాత్ముడాయనయే గనుక కాదనలేకపోయితిని. చూచితిని గదా, సైన్యమున ఏ మూఢునికిని రాని యవస్థ! 2400 నుండి 2483.5 మెగాహెర్ట్‌జుల వఱకు గల ఆ చిన్న మడికి లైసెన్సు అక్కఱలేదు, ఎవరైనను దున్నుకొనవచ్చును. పేరునకు పదుమూడు చానెళ్లు. కాని ఒకే పరుపుపై పదుముగ్గురు పిల్లలను పరుండబెట్టినట్లు ఒకదాని కాలు ఇంకొకదాని కడుపులో నుండును. ఒండొంటిని తాకక పరుండగలవి 1, 6, 11 మాత్రమే. మా భవనమున పదునాల్గింట పదునొకండు పెట్టెలు ఆఱవ చానెలుపైననే యున్నవి!

నాలోని నాయబ్ సుబేదారు నిద్రలేచెను. రాత్రియంతయు కూర్చుండి ఇంటింటికి చానెలు కేటాయించుచు పట్టిక వ్రాసి, తెలుగు, హిందీ, గుజరాతీ భాషలలో మెట్లకడ నంటించి, క్రింద సంతకము చేసితిని. మూడవనాటికి పెట్టెలలో తొమ్మిది పదునొకండవ చానెలునకు తరలిపోయినవి. కారణ మడుగగా, పెండ్లిలో చదివించినను పదునొకండు రూపాయలే శుభము, వైఫైకి మాత్రము శుభ మక్కఱలేదా యనిరి. ఒకటవ చానెలు ఏకాకి యని ఎవరును తాకలేదు. ఎంబ్రాయిడరీ వ్యాపారి యొకడు ఆఱింటికిని పదునొకండింటికిని నడుమ ఖాళీ కనిపెట్టి, తనంత తెలివిగలవాడు లేడనుకొని, తొమ్మిదవ చానెలున కూర్చుండెను. ఇరువురు కూర్చున్న బల్లపై నడుమ జొరబడినవానికి సుఖము లేకపోవుట యటుండనిండు, ఆ ఇరువురును క్రింద పడుదురు, అట్లే పడిరి. వీరికి తోడు పై యంతస్తున నొక యిల్లాలు రాత్రి యెనిమిది గంటలకు ఢోక్లా వేడిచేయుటకై మైక్రోవేవు పెట్టెను తిప్పును. ఆ పెట్టె 2450 మెగాహెర్ట్‌జులపై మ్రోగునది. దాని పొగరు చానెళ్లన్నిటిపైనను పడును. ఈ సంగతి వినయముగ విన్నవింపగా, “దేశము కాచి వచ్చినవాడవు, నా ఢోక్లానేల కాచెదవు?” అని యామె గుజరాతీలో నడిగెను. 1906లో బెర్లిను నగరమున ప్రపంచదేశములు గుమిగూడి, రేడియోతరంగముల గూర్చి ఒండొరులు జగడమాడకుండ ఒడంబడిక వ్రాసికొనెను. మా భవనము దానిపై సంతకము చేయలేదు. తుదకు సెక్రెటరీగారు పెట్టెలన్నిటిని “ఆటో”లో పెట్టించగా, అవి తమలో తామాలోచించుకొని మరల ఆఱవ చానెలునకే చేరుకొన్నవి. నా పట్టికపై ఇప్పుడు నీళ్ల ట్యాంకు కడిగెడు తేదీ యంటించియున్నది.

అసలు విషయమేమనగా, ఈ ఆకాశము విలువ తెలియనివారెవరును లేరు. 2022లో ప్రభుత్వము స్పెక్ట్రమును వేలము వేయగా లక్షా యేబదివేల కోట్ల రూపాయలకు పైగా పలికినది. కంటికి కనబడని, చేతికి దొరకని, తూచుటకు వీలులేని దానికి అంత వెల! దాని గట్లు కాచినవానికి మాత్రము మార్కెట్టు గేటు, వారి టోపీ.

నాకిట్లు కోపము వచ్చినప్పుడెల్ల మా బాపు ముఖము చూచి చల్లబడుదును. (ఈ గుజరాతున వీథిలో నిలిచి “బాపూ” యని పిలిచినచో నలుగురు తిరిగి చూతురు గనుక ఇంటిలోననే పిలుచుచున్నాను.) ఆయన సిరిసిల్లనుండి వచ్చి నలుబదియేండ్లు ఈ ఊరి మరమగ్గములపై నిలుచుండినవాడు, తెగిన పోగును చీకటిలో వ్రేళ్లతో వెదకి ముడివేయగలవాడు, మగ్గముల మ్రోతకు చెవులు సగము పోగొట్టుకొనినవాడు. వాటర్‌జెట్ మగ్గములు దిగిననాడు సేఠు ఆయనను పిలిచి, దీని పని వచ్చునా యని యడిగెనట. బాపు బదులేమి చెప్పెనో నేనెఱుగను. ఆ రాత్రి నాకు ఫోను చేసెను. నేనేదో కొండపై డ్యూటీలో నుండి, తొందరలో నుండి, “ఏమున్నది బాపూ, కొత్త మిషను నేర్చుకో” అని సలహాయిచ్చి, అలవాటుచొప్పున “ఓవర్” అని పెట్టివేసితిని. నాకంటె మర్యాదగా మాటలాడునది ఆ ఫోనుబాలికయే.

నిన్న రాత్రి కరెంటు పోయినది. ఫ్యానులు నిలిచినవి, పదునాల్గు పెట్టెల దీపములును ఆఱినవి, వెనుక వీథి మగ్గముల షెడ్డున ఎన్నడు నాగని చప్పుడాగినది. ఫోను తెఱచి చూడగా 2400 మొదలు 2483.5 వఱకు ఒక్క గీతయు లేదు. కడిగి బోర్లించిన పళ్లెమువలె నున్నది ఆకాశము. అంత శుభ్రమైన బ్యాండును ఇరువదియాఱేండ్లలో నేనెన్నడును చూచియుండలేదు. దానిని చూచుచు ఊరక కూర్చుంటిని. ఇంతలో ప్రక్క మంచముపై బాపు ఉలికిపడి లేచెను. మగ్గము చప్పుడునకు నిద్రపోవువాడు, చప్పుడాగినచో మేల్కొనును.

“ఏమైందిరా?” అని యడిగెను.

“ఏం గాలే బాపూ” అంటిని. “పండుకో.”