మా రోజుల్లో అనుమానానికి ఓపికుండేది

ఇప్పటి సినిమాల్లో మొగుడికి పెళ్ళాం మీద అనుమానం రావాలంటే సెల్‌ఫోన్ మోగితే చాలు. తెర మీద మెసేజ్ పడుతుంది, మరుక్షణం కేకలు, ఆ వెంటనే తలుపు ధడేలుమంటుంది. చూసేవాడు ఊహించుకోవడానికి ఏం మిగిల్చారు?

మేం ఫిల్మ్ సొసైటీల్లో ఫ్రెంచి సినిమాలు చూసిన రోజుల్లో అనుమానం ఒంట్లో జ్వరంలా మెల్లగా ఎక్కేది. క్లోద్ షబ్రోల్ 1969లో తీసిన 'లా ఫామ్ ఆంఫిదెల్' చూడండి. మొగుడు ఇన్సూరెన్సు ఆఫీసు పెద్దమనిషి. భార్య ప్రియుడి ఇంటికే వెళ్ళి, మర్యాదగా కూర్చుని, మందు పుచ్చుకుంటూ కబుర్లాడతాడు. మా కాపురంలో ఇలాంటివి పట్టించుకోం అంటాడు. ఇల్లు చూస్తూ పడగ్గదిలోకి వెళ్తే, పెళ్ళిరోజుకి తను భార్యకిచ్చిన పెద్ద లైటరు కనిపిస్తుంది. అంతే, మొగుడిగా వేసిన మిషెల్ బూకె మొహం పాలిపోతుంది. ప్రియుణ్ణి ఎదురుగా పెట్టుకుని తట్టుకున్నవాడు ఆ వస్తువు దగ్గర ఓడిపోయాడు. చంపేస్తాడు. ఆ తర్వాత భర్త కోటు జేబులో చచ్చినవాడి ఫోటో భార్యకి దొరుకుతుంది. కాల్చేస్తుంది. ఒక్క మాట అడగదు. ఆ క్షణంలో భార్యగా వేసిన స్టెఫాన్ ఓద్రాన్ మొహంలో భర్త మీద ప్రేమ తిరిగి పుట్టడం కనిపిస్తుంది. అది నటనంటే!

ఈ కథనే 2002లో హాలీవుడ్‌వాళ్ళు 'అన్‌ఫెయిత్‌ఫుల్'గా తీశారు. దాన్ని చూసి 2004లో హిందీలో 'మర్డర్' వచ్చింది. పాటలు ఊరూరా మోగాయి గానీ, జనం మాట్లాడుకున్నదంతా పడగ్గది సీన్ల గురించే.

మనసు జారడమైనా ఆ ఫ్రెంచి సినిమాల్లో అంతే మెల్లగా. ఎరిక్ రోమేర్ 1972లో 'లామూర్ లాప్రె-మిది' తీశాడు. పెళ్ళయి పిల్లలున్నవాడు మధ్యాహ్నాలు పాత పరిచయస్తురాలితో తిరుగుతాడు. సినిమా అంతా తిరగడమే, అడుగు ముందుకు వెయ్యడు. చివరికి ఆమె పక్క మీద ఎదురుచూస్తుంటే, స్వెట్టరు తలమీదుగా లాగుతూ అద్దంలో తన్ను తాను చూసుకుంటాడు. అదే వాలకంతో ఇదివరకు ఇంట్లో పసిబిడ్డని ఆడించాడు. ఆగిపోయి, చెప్పకుండా మెట్లు దిగి ఇంటికి పరిగెడతాడు. ఇవాళ్టి దర్శకులకి ఆ స్వెట్టరు ఎందుకాగిందో పట్టదు, విప్పేయాలంతే.

ఇంటికొచ్చిన మొగుణ్ణి చూసి భార్య భోరుమంటుంది. ఆ భార్యాభర్తలుగా వేసింది నిజమైన దంపతులే, బెర్నార్ వెర్లే, ఫ్రాన్స్వాజ్ వెర్లే. ఆమె ఎందుకేడ్చిందో రోమేర్ చెప్పలేదు. ఆమె మధ్యాహ్నాలు ఎలా గడిచాయోనన్న అనుమానం ఇప్పుడు మనకి పుడుతుంది. ఇవాళైతే ఫ్లాష్‌బ్యాక్ వేసి మరీ చూపించి చెడగొడతారు.