కొండనైనా లాగేసే యాభై హెచ్‌పీ

ఏరువాక పున్నమికి రాయచూరులో మున్నూరు కాపు సమాజం వాళ్ల ముంగారు హబ్బ జరుగుతుంది. ఎద్దులు బండ లాగుతుంటే చూడ్డానికి జనం విరగబడతారు. బండ కదలకముందు చూడాలి ఆ జోడీని. మోకాళ్లు వంగి, గిట్టలు మట్టిలో దిగబడి, కాడి మెడకు ఒత్తుకుపోతుంటుంది. ఆ క్షణాన అవి ఎన్ని హార్స్‌పవర్ ఇస్తున్నట్టు? సున్నా. బలాన్ని వేగంతో గుణిస్తే వచ్చేదే పవర్. బండ కదల్లేదు, వేగం లేదు. లెక్క ప్రకారం ఆ ఎద్దులు ఖాళీగా ఉన్నట్టే.

అక్కడ ఈలలేసిన మనిషే మర్నాడు సింధనూరులో ట్రాక్టర్ల షోరూముకెళ్లి ‘ఎన్ని హెచ్‌పీ?’ అని ఒకే ఒక్క ప్రశ్న అడిగి బయానా ఇచ్చేస్తాడు. ‘యాభై అన్నా, కొండనైనా లాగేస్తది’ అంటాడు సేల్స్ కుర్రాడు. వాణ్ని అనుకుని లాభం లేదు. ఆవిరి ఇంజిన్లు అమ్ముకోవడానికి జేమ్స్ వాట్ గుర్రాలతో పోల్చి కట్టిన కొలత అది, పుట్టుకతోనే సేల్స్ మాట.

సరే, కొండ సంగతే చూద్దాం. యాభై హెచ్‌పీ అంటే 37 కిలోవాట్లు. పవర్ మారకుండా ఉంటే, దాన్ని వేగంతో భాగించినంత లాగుడు రావాలి. సెకనుకు పది సెంటీమీటర్ల చొప్పున పాకుతుంటే 38 టన్నుల లాగుడు! వేగం సున్నాకు దగ్గరయ్యేకొద్దీ దానికి అంతే లేదు. కాగితం మీద కొండ కదలాల్సిందే. కానీ బండి బరువే రెండు టన్నుల చిల్లర, దాని చక్రాల కింద నేల అంత పట్టు ఎక్కణ్నుంచి తెస్తుంది? తుంగభద్ర ఎడమ కాలువ కింద మన రైతుల క్యాంపుల్లో దమ్ము చేసే రోజుల్లో చూడండి. కేజ్‌వీల్స్ ఉన్నచోటే తిరుగుతుంటాయి, బురద డ్రైవరు మొహాన చిమ్ముతుంది, యాభై గుర్రాలూ కలిసి గుంట తవ్వుతుంటాయి. గట్టు మీద నిలబడ్డ బావగారు మాత్రం ‘ఇంకా రైజ్ చెయ్యరా’ అంటాడు.

రోడ్డెక్కాక ఇంకో భ్రమ, తొక్కేకొద్దీ అదే జోరున వేగం పెరుగుతుందని. మారని పవర్ గతిశక్తిని సెకనుకు ఇంతని సమానంగా కలుపుతూ పోతుంది. ఆ గతిశక్తేమో వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందుకని రెట్టింపు వేగం కావాలంటే నాలుగింతల సమయం కావాలి. వడ్ల ట్రాలీతో కలిపి పది టన్నులనుకుందాం. రాపిడి, గాలి, గేర్ల నష్టం అన్నీ మాఫీ చేసినా గంటకు 15 కిలోమీటర్ల వేగానికి రెండు సెకన్ల పైచిలుకు, అక్కణ్నుంచి 30కి చేరడానికి మరో ఏడు.

సభల్లో ‘డబుల్ ఇంజిన్’ అని ఊదరగొట్టేవాళ్లకూ ఇదే లెక్క. పవర్ రెట్టింపైతే అంతే సమయంలో వేగం 41 శాతమే ఎక్కువ, రెండో ఇంజిన్ బరువు కూడా కలిపితే అదీ దక్కదు.

వెనక చక్రాల మీద బరువెంత పడుతుంది, ఏ గేర్లో లాగుడెంత అని నేనొకసారి షోరూంలో అడిగాను. కుర్రాడు బ్రోచర్ రెండువైపులా తిప్పి చూశాడు. ‘మ్యూజిక్ సిస్టమ్ ఫ్రీ అన్నా’ అన్నాడు.