నీటియెలుకకు చట్టము, నీటికోడికి తుపాకి

ఇంగ్లండు దేశపు వాగుల గట్టులయందు ఇరుగుపొరుగులై కాపురముండు రెండు ప్రాణులలో, ఒకదానికి సాహిత్యమున సింహాసనమును శాసనమున కవచమును లభించినను వంశనాశము తప్పకుండుటయు, రెండవదానికి ఏ గౌరవమును లేకున్నను సంతానాభివృద్ధి నిరాటంకముగా సాగుచుండుటయు చూచినచో, ప్రభుత్వాదరణమునకు నోచుకొననివారే మిగుల అదృష్టవంతులని తోపకమానదు.

మొదటిది నీటియెలుక. మొద్దుముక్కు, బొచ్చులో దాగిన చెవులు. గట్టున కూర్చుండి రెల్లుకాడను ముందుకాళ్ళతో పట్టుకొని, కత్తితో ఏటవాలుగా కోసినట్లు కొరికి నములుచు, అలికిడి యైనంతనే బుడుంగుమని నీట మునుగును. 1908లో కెన్నెత్ గ్రాహమ్ తన కథలో దీనిని పడవ నడుపు రసికునిగా తీర్చినది మొదలు ఆంగ్లేయులకు ఇది ఆప్తబంధువు. 1981 నాటి వన్యప్రాణి చట్టము క్రింద 2008 నుండి దీనికి సంపూర్ణ రక్షణ. కలుగును చెరచుట నేరము, గట్టున పని తలపెట్టిన ఇంజనీరు ముందుగా నిపుణులను రప్పించి, దీని పెంటికలు వెదకించి, (మన కరణములు శిస్తు లెక్కలయందైన ఇంత శ్రద్ధ చూపిరో లేదో!) పిమ్మటగాని పార పట్టరాదు.

రెండవది నీటికోడి, మన కొల్లేటి జమ్ములో తిరుగునదియే. ఎఱ్ఱని నొసలు, కొనకు పసుపు తిరిగిన ముక్కు, నడచునప్పుడెల్ల తోక విదిలించి క్రింది తెలుపును ప్రదర్శించు దుర్వ్యసనము. వేటకాలమున దీనిని కాల్చుకొనవచ్చునని ఆ చట్టమే సెలవిచ్చినది. అయినను ఉద్యానవనపు కొలనైననేమి, మురుగుకాలువయైననేమి, దొరికిన చెత్తతో గూడు కట్టి ఏటికి రెండు మూడు మార్లు పిల్లలను లేపుచున్నది.

నీటియెలుక వంశనాశమునకు పశువులు గట్టులు తొక్కుటయు, కాలువలను తిన్నగా త్రవ్వి గడ్డిని పోగొట్టుటయు కారణములే గాని, అసలు శనిగ్రహము మింకు అను బొచ్చుజంతువు. దొరసానుల కోటులకై 1929లో అమెరికానుండి తెప్పించిన ఈ జంతువు బోనులు దాటి, 1956 నాటికి డెవన్ సీమ నదిగట్టున పిల్లలను పెట్టెను. ఆడమింకు నడుము సరిగా నీటియెలుక కలుగున పట్టునంత. అది నీటికోడిని కూడ తినును. కాని కోడి ఎగిరిపోయి మఱియొక మడుగున సంసారము పెట్టుకొనగలదు, ఎలుకకు కలుగే కైలాసమగుచున్నది. చట్టము మనుష్యుని పారను ఆపినది గాని మింకు పండ్లను ఆపలేదు. నూటికి తొంబదికి పైగా నీటియెలుకలు నశించినవి.

తూర్పు ఆంగ్లియాలో తెప్పలపై బోనులు పెట్టి మింకులను పట్టిన పిమ్మట నీటియెలుక మరల కనబడుచున్నది. కావున పెంటికల వెదకులాటకు వెచ్చించు ధనములో కొంత బోనులకు ఇప్పింపవలసినదిగా పార్లమెంటు సభ్యులకు మనవి.