పొదుగు కోడికి కోచింగ్

మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన నాలుగు నాటుకోళ్లు పెంచుకునే కొత్తపేట, చైతన్యపురి, ఎల్బీనగర్ వాసులకు సూచనలు. గంపలో ముడుచుకుని కూర్చుని, దగ్గరికెళ్తే ఈకలు నిక్కబొడుచుకుని చేతిని పొడుస్తోందా? అయితే మీ కోడి పొదుగుకొచ్చింది. దాని పని అది చూసుకుంటుందిలే అని వదిలేయకండి. ఇది దిల్‌సుఖ్‌నగర్ ఏరియా. గ్రూప్స్ అయినా, బ్యాంకు పరీక్షైనా ఇక్కడ కోచింగ్ లేకుండా ఎవరూ గట్టెక్కరు. కోడికి మాత్రం మినహాయింపు ఎందుకు?

1. సీట్లు: నాటుకోడి పది, పన్నెండు గుడ్లనే రెక్కల కింద కప్పగలదు. నలుగురుండే హాస్టల్ గదిలో ఎనిమిది మంది సర్దుకోవట్లేదా? 30 గుడ్ల ట్రే మొత్తం పెట్టేయండి. ట్రే కిరాణా షాపులోదే తెండి. ఫారం కోళ్లు పుంజు మొహం ఎరగవని, ఆ గుడ్లలోంచి పిల్ల రాదని ఎవరో ఒకరు అంటారు. నిరాశావాదులను పట్టించుకోకండి.

2. అడ్మిషన్లు: ఊరి గుడ్లే కావాలంటే చౌటుప్పల్ నుంచి బైకు డిక్కీలో వేసుకుని, ఎల్బీనగర్ చేరగానే కోడి కింద తోసేయండి. కుదుపులు తిన్న గుడ్లను మొన కిందికి పెట్టి ఒక రోజు కదపకుండా ఉంచాలట. సిటీలో అంత తీరిక ఎవరికుంది?

3. ఫ్యాకల్టీ: రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు పొదుగుకు కూర్చోవడం అరుదు. బుద్ధి వచ్చేదాకా వాటినే గంపకు కట్టేయండి.

4. క్లాస్‌రూమ్: కోడి చీకటి మూల, చప్పుడు లేని చోటు వెతుక్కుంటుంది. ఇవ్వకండి. మెట్రో రైలు కనబడే బాల్కనీలో పెడితే లోకజ్ఞానం వస్తుంది. రేకుల షెడ్డు ఇంకా మేలు. గుడ్డుకు కావలసింది 37.5 డిగ్రీలే. మే నెలలో మన రేకులు అంతకు మించి ఉచితంగానే ఇస్తాయి.

5. పరీక్షలు: ఏడో రోజు రాత్రి గుడ్డు వెనక టార్చి పెట్టి చూస్తే, పిల్ల కడుతున్న దాంట్లో ఎర్రటి సన్నటి నరాలు కనబడతాయి. అవి కనబడని గుడ్డు తీసేస్తే సరిపోతుందంటారు. ఒక్క టెస్టుతో ర్యాంకు వస్తుందా? పూటపూటా తీసి చూడండి. ఆఖరి మూడు రోజులు గుడ్లను ముట్టుకోవద్దంటారు గానీ అసలు రివిజన్ అప్పుడే.

6. కొత్త బ్యాచులు: మిగతా పెట్టలను కూడా రోజూ అదే గంపలో గుడ్లు పెట్టనివ్వండి. పాత గుడ్లకు పెన్సిల్ గుర్తులు పెట్టకండి. తొలి పిల్లలు లేవగానే తల్లి వాటి వెంట దిగిపోతుంది. మిగిలినవి మురిగాక వాసన మొత్తం కాలనీకి తెలుస్తుంది.

7. మాన్పించడం: పిల్లలు వద్దనుకుంటే, అడుగున గాలి ఆడే జాలీ పంజరంలో మేత, నీళ్లు పెట్టి మూడు నాలుగు రోజులు ఉంచితే కోడి పొట్ట చల్లబడి మామూలైపోతుంది. ఇంత సులువైనదాన్ని నమ్మకండి. ముక్కులో ఈక గుచ్చండి, బకెట్లో ముంచండి. పొదుగు మానకపోయినా మీ మీద నమ్మకం మాత్రం మానేస్తుంది.

హెచ్చరిక: ఈ సూచనల్లో ఒక్కటీ పాటించని ఇళ్లలో 21వ రోజుకల్లా గంపలో పిల్లలు లేస్తున్నాయి. వారం లోపు వాటికి కొక్కెర తెగులు టీకా చుక్కలు వేయించే బాధ్యత కూడా మీ నెత్తినే పడుతుంది. ఆలోచించుకోండి.