ఆవిరిచుట్ట తేటగీతికి టీకాతాత్పర్యములు

మూలము

తే.గీ.
నిమిషములలోన నిండును నిప్పు లేక
పొగను బోలిన యావిరి పొంగుచుండు
క్రొత్తవారికి నత్యంత కూర్మిసఖుడు
మీట లేదయ్య పీల్చిన మేలుకొనును

అవతారిక

పొగాకును కాల్చక, ద్రవమును కాచి, తజ్జనితమగు నావిరిని పీల్పించు విద్యుత్పరికరమునకు లోకములో వేప్ అని పేరు. మన చట్టము దీనిని ఈ-సిగరెట్ అని వ్యవహరించును. ఇంగ్లండు మున్నగు దేశములలో నివి బాహాటముగ అంగళ్ల నమ్ముడుపోవుచుండుటచే, క్రొత్త నమూనా వెలువడినప్పుడెల్ల దాని గుణదోషవిచారణకు బూనుకొను సమీక్షకులును అచ్చట వెలసియున్నారు. వారి వ్రాతలు లెక్కకు మిక్కిలి యైనను, వానినన్నిటిని వడగట్టి చూచినచో అడుగున మిగులునవి నాలుగే మాటలు: త్వరగా ఛార్జి అగును, ఆవిరి నిండుగా వచ్చును, క్రొత్తవారికి మిక్కిలి యనువు, బొత్తాము నొక్కు శ్రమ లేదు. ఈ నాలుగింటిని నేనొక తేటగీతిలో బిగించితిని. పద్యము స్వకీయమే యైనను అందలి భావము పరకీయము గనుక, దానికి నేనే వ్యాఖ్య వ్రాసికొనుట ఆత్మస్తుతి కాజాలదని నా ధైర్యము.

మెదకు జిల్లా కొల్చారమువాడని మనము చెప్పుకొను మల్లినాథసూరి, కాళిదాసకావ్యములకు వ్యాఖ్య వ్రాయ బూనినప్పుడు, ఆధారము లేనిది వ్రాయననియు, అనపేక్షితమైనది చెప్పననియు ప్రతిజ్ఞ పట్టెను. అందు మొదటి సగమును శిరసావహించెదను. రెండవ సగమును పాటించినచో వ్యాసరచయితలకు బ్రతుకుదెరువు లేదు.

టీక

నిమిషములలోన = కొలది నిమిషముల కాలములోనే; నిండును = విద్యుత్తుచే పరిపూర్ణమగును; నిప్పు లేక = అగ్గిపెట్టె మున్నగు సాధనములతో పని లేకయే; పొగను బోలిన = పొగవలె కానవచ్చునట్టిదియు, పొగ కానట్టిదియు నగు; ఆవిరి = తుంపరల సముదాయము; పొంగుచుండు = ఎడతెగక వెలువడుచుండును; క్రొత్తవారికిన్ = నూతనముగ అభ్యసించువారికి (ఏమి అభ్యసించువారికో కవి చెప్పలేదు; ఈ విషయము ముందు విచారింపబడును); అత్యంత = మిక్కిలి; కూర్మిసఖుడు = ప్రేమపాత్రుడగు చెలికాడు; మీట లేదు = నొక్కదగిన బొత్తాము లేదు; అయ్య = ఓ కొనుగోలుదారుడా; పీల్చిన = పీల్చినంతమాత్రముననే; మేలుకొనును = నిద్ర లేచి పనికి గడంగును.

తాత్పర్యము

ఓ కొనుగోలుదారుడా! ఈ పరికరము ఇట్టే ఛార్జి నింపుకొని, అగ్గిపుల్ల గీయ నక్కఱ లేకయే నీకు పొగవంటి ఆవిరిని ప్రసాదించును. నీవు దీనికి క్రొత్తవాడవని సంకోచింపకుము. నీ వంతు పని పీల్చుట యొక్కటే. తక్కిన దంతయు నదే చూచుకొనును.

విశేషములు

“నిమిషములలోన నిండును”: ఇది అతిశయోక్తి కాదు, స్వభావోక్తియే, కాని అర్ధస్వభావోక్తి. ఈ పరికరములలో నుండునది లిథియం అయాన్ బ్యాటరీ. క్రొత్తవారికై చేయు చిన్న నమూనాలలో దాని సామర్థ్యము సాధారణముగ 500 మొదలు 1000 మిల్లీ ఆంపియర్ అవర్ల వఱకు నుండును. ఒక ఆంపియరు ధారతో గంట ప్రాంతము పట్టు పనిని రెండు ఆంపియర్ల ధారతో అరగంటకు కుదించుటయే సమీక్షకులు కొనియాడు శీఘ్రపూరణము. అయితే ఈ జాతి బ్యాటరీ మొదట స్థిరమైన ధారను స్వీకరించి, 4.2 వోల్టుల హద్దును చేరిన పిదప ధారను క్రమముగ తగ్గించుకొనుచు, తుదిపాళ్లను నెమ్మదిగ గాని నింపుకొనదు. సంతకు బోవు బస్సులో సీట్లన్నియు క్షణములో నిండి, నిలువబడువారిని సర్దుటకు మాత్రము కండక్టరు చెమటోడ్చునట్టిదే ఇదియు. కావుననే గడియారము చేత బట్టిన సమీక్షకుడు నూటికి ఎనుబది పాళ్లు నిండుటకు పట్టిన కాలమును పెద్ద యక్షరములతోను, తక్కిన యిరువది పాళ్లకు పట్టిన కాలమును చిన్న యక్షరములతోను వ్రాయును. యూఎస్‌బీ-సీ తీగ ఫోనుకును దీనికిని ఒక్కటియే యగుటయు గొప్ప సౌకర్యముగ కీర్తింపబడుచున్నది.

ఇచ్చట వ్యాఖ్యాత కొంచెము ఆగి యోజింపవలసియున్నది. చుట్టకు తుది యున్నది. సిగరెట్టునకును తుది యున్నది. బీడీ మాట చెప్పనక్కఱయే లేదు, సగములోనే ఆరిపోవుచు దానంతట నదియే యజమానుని వారించును. త్రాగువాడు ఎంతటి వ్యసనపరుడైనను, ఒకటి ముగిసిన పిమ్మట మఱియొకటి వెలిగింపవలయునా వలదా యని తనను తాను ప్రశ్నించుకొనుటకు ఒక లిప్త యవకాశము వానికి ఆ వస్తువే కల్పించును. ఈ పరికరమునకు పీక లేదు, బూడిద లేదు, ఇంతటితో ముగిసినది యని చెప్పు గుర్తు లేదు. బ్యాటరీ యడుగంటి దీపము ఆరుట యొక్కటే దీనిలో మిగిలిన విరామము. ఆ విరామమును గూడ సంక్షేపించినందులకే సమీక్షకుడు అయిదింట నాలుగున్నర నక్షత్రము లిచ్చుచున్నాడు. యంత్రము ఎంతసేపటికి తేరుకొనునో కొలిచినవాడు, మనుష్యుడు ఎంతసేపు దానిని క్రింద బెట్టియుండగలడో కొలువడు. ఇట్టి సమీక్షలలో నాకు కనబడిన మహాలోపమిదియే.

“నిప్పు లేక పొగను బోలిన యావిరి”: ఇందు విరోధాభాసము కలదు; విరోధపరిహారము రసాయనశాస్త్రమువలన. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిసరిన్ అను చిక్కని ద్రవములు, సువాసనద్రవ్యములు, నికోటిన్ కలిసిన రసమును దూది పీల్చుకొనియుండగా, దానిని తాకియున్న జల్లెడవంటి లోహపు కాయిల్ వేడెక్కి ఆ రసమును తుంపరలుగ జేయును. సిగరెట్టు కొన పీల్చునప్పుడు 900 డిగ్రీల దరిదాపునకు బోవును. ఇచ్చట వేడి దానికంటె చాల తక్కువ. కాలుట లేదు గనుక తారు లేదు, కార్బన్ మోనాక్సైడ్ దాదాపు లేదు. ఇది నిజమైన గుణమే. దీనిని దాచు వ్యాఖ్యాత మల్లినాథుని ప్రతిజ్ఞలో మొదటి సగమునకే ద్రోహి యగును. ఈ యంత్రమునకు నేటి రూపమును 2003లో కల్పించిన చైనా ఔషధశాస్త్రజ్ఞుడు హోన్ లిక్ తానును గట్టి పొగత్రాగరియే; సిగరెట్టునుండి తప్పించుకొను దారి వెదకుచు దీనిని కనుగొనెను. అంతకు చాల ముందు, 1965లోనే, హెర్బర్ట్ గిల్బర్ట్ అను అమెరికనుడు పొగ లేని సిగరెట్టునకు పేటెంటు పొందెను గాని, నాటి లోకము దానిని లక్ష్యపెట్టలేదు.

ఆవిరి పరిమళమును గూర్చి కవి మౌనము వహించుట యాశ్చర్యకరము. మామిడి, పుచ్చకాయ, పుదీన మొదలగు రుచులకు సమీక్షలలో పుటలు పుటలు కేటాయింపబడును గదా! ఈ యంత్రములలో నధికభాగము చైనాలోని షెన్‌జెన్ నగరమున తయారగును. ఆ చైనా ప్రభుత్వమే 2022 అక్టోబరు 1 నుండి తన దేశములో పొగాకు రుచి తప్ప తక్కిన రుచుల వేపులను అమ్మరాదని శాసించెను. ఎగుమతికి మాత్రము ఆటంకము లేదు. తన బిడ్డలకు వలదనుకొన్న మామిడిపండును సముద్రముల కావలి బిడ్డలకు పంపుటలో రాజనీతి ఎట్టిదో నీతిశాస్త్రకారుడగు కామందకుడే చెప్పవలెను.

“క్రొత్తవారికి నత్యంత కూర్మిసఖుడు”: ఇది పద్యమునకు ఆయువుపట్టు. యతిస్థానమున క్రొ-కూ లకు మైత్రి చక్కగా కుదిరినది. కవికిని కొనుగోలుదారునకును కుదిరినదో లేదో విచారింపవలెను.

క్రొత్తవాడనగా నెవడు? ఇంగ్లండులో దీనికి నొక సమంజసమైన యర్థము కలదు. సిగరెట్టు మాని ఇందులోనికి వచ్చిన పాతకాపే అచ్చటి వైద్యుల దృష్టిలో క్రొత్తవాడు. పది లక్షలమంది పొగత్రాగరులకు సిగరెట్టునకు బదులు వేప్ ఉపకరణములను ఇచ్చు పథకమును అచ్చటి ప్రభుత్వము 2023లో ప్రకటించెను. అచ్చటి చట్టము నికోటిన్‌ను మిల్లీలీటరునకు 20 మిల్లీగ్రాములు మించనీయదు. రసపు తొట్టి రెండు మిల్లీలీటర్లకు మించరాదు. పదునెనిమిదేండ్లు నిండనివారికి అమ్మరాదు. వాడి పారవేయు నమూనాలను 2025 జూన్ 1 నుండి నిషేధించిరి. అందుచేతనే మరల మరల ఛార్జి చేయదగిన వానిపై ఇంతటి సమీక్షాసాహిత్యము పొంగి పొరలుచున్నది.

రెండవ యర్థము వేఱు. పెట్టెపై నున్న మాట పాతకాపునకు మాత్రమే యని పెట్టె చెప్పదు. జన్మలో పొగ త్రాగని కుఱ్ఱవాడును అంగడిలో నిలువబడి క్రొత్తవారికి ననువు అను నక్షరములు చదివి, ఇది నన్నుద్దేశించియే యని తలంచిన, వ్యాకరణము వానిని తప్పు పట్టజాలదు. మొదటి చుట్ట త్రాగినవానికి దగ్గు వచ్చును, కన్నులు నీరు గ్రమ్మును, తల తిరుగును. శరీరము తన యసమ్మతిని అర్జీ వ్రాసినంత స్పష్టముగ తెలుపును. మన శ్రీకాకుళ విశాఖతీరములందు కొందఱు స్త్రీలు చుట్టను త్రిప్పి, నిప్పున్న కొనను నోటిలోపల నుంచుకొని త్రాగు అడ్డపొగ యున్నది గదా. అంగిటి క్యాన్సరుకు దారితీయు ఆ దారుణాభ్యాసమున ఒక్క విషయము మాత్రము నిశ్చయము: దానిని ఎవ్వరును క్రొత్తవారికి ననువని అమ్మజాలరు. వేపులోనో, నికోటిన్‌ను బెంజోయిక్ ఆమ్లముతో కలిపి లవణముగ మార్చుటచే గొంతులోని మంట తగ్గి, ఆ యర్జీ యంతయు చేరకమునుపే చించివేయబడును. గొంతు గీఱదు, గది కంపు కొట్టదు, అమ్మ పసిగట్టదు. క్రొత్తవాని నింతకాలము కాపాడినవి ఈ విఘ్నములే. వానినొక్కటొక్కటిగ తొలగించుటనే సమీక్షకుడు స్నేహమనుచున్నాడు.

తెలుగు సాహిత్యమున నిట్టి సఖుడు మనకు సుపరిచితుడే. గురజాడవారి కన్యాశుల్కములో గిరీశము వెంకటేశమునకు చేసిన విద్యాదానములో ఫలించినది ధూమపాన మొక్కటే యని శిష్యుడే నిష్ఠూరమాడును. చుట్ట మహిమను గూర్చి గిరీశము చెప్పు మాటలను తెలుగున వెలువడిన మొదటి “క్రొత్తవారికి ననువు” సమీక్షగ నెన్నవచ్చును. భేదమల్లా, గిరీశమునకు కంపెనీవారు ఉచితముగ నమూనాలు పంపలేదు.

“మీట లేదయ్య”: పీల్చినప్పుడు లోపలి గాలి యొత్తిడిలో గలుగు మార్పును ఒక చిన్న సెన్సరు గ్రహించి కాయిల్‌కు విద్యుత్తు పంపును. బొత్తాము నొక్కుట యనునది చిన్న పనియే గాని, అది ఒక నిర్ణయము. శ్వాసము నిర్ణయము కాదు. అయ్య యను సంబోధనము పాదపూరణార్థము.

“మేలుకొనును”: ఇచ్చట శ్లేష. ఒక్కపదముగ చదివినచో యంత్రము మేల్కొనునని యర్థము. విడదీసి చదివినచో పీల్చువాని మేలును అది పుచ్చుకొనునని యర్థము. కవి మొదటి యర్థమునే యుద్దేశించెననుటకు నేనే సాక్షిని. రెండవది తెలుగుభాష తనంతట తాను చేర్చినది.

పూర్వపక్షము: సిగరెట్టుకంటె ఇది మేలని బ్రిటిషు వైద్యులే చెప్పుచుండగా, వ్యాఖ్యాత ఇంత గింజుకొననేల?

సమాధానము: సిగరెట్టు త్రాగువాడు దానిని పూర్తిగ విడిచి దీనికి మాఱినచో హాని చాల తగ్గునని వారు చెప్పుట నిజము. హాని లేదని వారు చెప్పలేదు. త్రాగనివాడు మొదలుపెట్టవచ్చునని అంతకంటెను చెప్పలేదు. వారి వాక్యములో సగము సమీక్షలోనికి వచ్చినది, సగము దారిలో జారిపోయినది. నికోటిన్ వదలింపరాని అలవాటు చేయునదే. ఎదుగుచున్న మెదడునకు మఱింత కీడు. పరికరము నాణెమును గూర్చి సమీక్షకులతో నాకు వివాదము లేదు. త్వరగా నిండును, కారదు, జేబులో నిముడును. పనివానితనమున లోపము కానరాదు. పొగత్రాగరికి మెట్టుగ నిది పనికివచ్చును. క్రొత్తవాడు దీని జోలికి పోరాదు. కావున పద్యములో మూడవ పాదము దోషయుక్తము, తక్కిన మూడును నిర్దుష్టములు అని నా తీర్పు.

ఇంక మన దేశపు సంగతి. గుంటూరులో పొగాకు బోర్డునకు ప్రధాన కార్యాలయము కలదు. నూటికి ఎనుబది యైదు పాళ్లు హెచ్చరికబొమ్మ నిండిన సిగరెట్టుపెట్టె ప్రతి కిళ్లీకొట్టునను దొరకును. ఆవిరిచుట్ట మాత్రము నిషిద్ధము. నిప్పున్నదానికి అనుమతియు, నిప్పు లేనిదానికి చెఱయు నేల యని తార్కికులు వాదింతురుగాక, శాసనము శాసనమే. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుగ వచ్చి, ఆ యేడు డిసెంబరులో పార్లమెంటు ఆమోదము ముగించుకొన్న ఆ చట్టము తయారీని, దిగుమతిని, అమ్మకమును, నిలువను, ప్రకటనను గూడ నిషేధించుచున్నది. పై వ్యాఖ్య ప్రకటన కాదని విజ్ఞులు గ్రహింతురు. పేరేమి, వెల యెంత, ఎచ్చట దొరకునని జాబులు వ్రాయదలచిన పాఠకులు శ్రమపడవలదు: అమ్మినవానికి మొదటి తప్పునకు ఒక యేడాది వఱకు ఖైదు గాని, లక్ష రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును, రెండవ తప్పునకు మూడేండ్ల వఱకు ఖైదు, అయిదు లక్షల వఱకు జరిమానా.