పోలికేశి

డాలస్ శివార్లలో ఎమ్మెస్ చదివే తెలుగు కుర్రాళ్లు నలుగురైదుగురు కలిసి అద్దెకుండే ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా ఒక పోలికేశి తప్పకుండా ఉంటాడు. పులకేశికి చుట్టమేమీ కాదు, రూమ్మేట్లు పెట్టిన పేరు. మనం చూస్తున్నవాడిది తెనాలి. అమెరికాలో ఏం తిన్నా తెనాలితో తూచందే ముద్ద దిగదు.

యూనివర్సిటీలో సెమినార్ ఉందంటే ఉచితంగా పిజ్జా పెడతారు. పిజ్జా పెడతారంటే మనవాడు వస్తాడు. "ఇంత చీజ్ పోసే బదులు కాస్త కారం చల్లితే వీళ్ల సొమ్మేం పోయింది?" అంటూ మూడో ముక్క అందుకుంటాడు. జలపీనోను చూస్తే వాడికి జాలి. కారం తూచే స్కోవిల్ కొలతలో అది 8,000 దాటడమే గొప్ప, మా గుంటూరు సన్నం 35,000 పైమాటే అని పక్కనున్న మెక్సికో అబ్బాయికి లెక్క చెబుతాడు. ఆ అబ్బాయి లక్ష దాటే హబనేరో సంగతి ఎత్తగానే మాట మారుస్తాడు.

కరివేపాకుది వేరే గోడు. నిమ్మ, నారింజ తోటలకు తెగులు మోసుకొచ్చే పురుగు దాని మీద కూడా బతుకుతుంది కాబట్టి పచ్చి ఆకును సామాన్లలో తెచ్చుకోనివ్వరు. "నాకు వీసా ఇచ్చి దానికి ఇవ్వకపోవడమేంటి?" అంటాడు. ఇండియన్ స్టోర్‌లో నాలుగు రెమ్మల ధరను రూపాయల్లోకి మార్చి, నిట్టూర్చి, కొని, ఖర్చులు పంచే స్ప్లిట్‌వైజ్‌లో అందరి మీదా వేస్తాడు.

ఇంత తెలిసినవాడు ఊళ్లో ఉండగా వంటింట్లో అడుగుపెట్టింది మంచినీళ్ల కోసమే. వంట వంతు వచ్చిన రోజు రాత్రి 8కి, అంటే వేసవిలో తెనాలిలో పొద్దున ఆరున్నరకి, అమ్మకు వీడియో కాల్ చేస్తాడు.

"పోపులో ఆవాలు ముందా, కరివేపాకు ముందా అమ్మా?"

"ఆవాలేరా. ఏం కూర?"

"బీరకాయ."

"ఇక్కడ బీరకాయ వండిన రోజు బిర్యానీ పార్సిల్ తెచ్చుకునేవాడివి కదరా!"

ఈలోగా ఎండుమిరపకాయలు మాడి స్మోక్ అలారం మోగడంతో జవాబు చెప్పే పని తప్పుతుంది.

ఆగస్టులో కర్నూలు నుంచి కొత్త జూనియర్ దిగాడు. 23 కిలోల పెట్టెలు రెండు, ఒకదాంట్లో బట్టల మధ్య ఆవకాయ. చికెన్ పచ్చడి తెస్తే కస్టమ్స్ వాళ్లు తీసి పారేస్తారని సీనియర్లు ముందే చెప్పారు మరి. మనవాడు సీసా మూత తీసి, వేడన్నంలో కలిపి, కళ్లు మూసుకుని నమిలాడు. అందరూ వాడి మొహమే చూస్తున్నారు.

"బానే ఉంది గానీ, మా తెనాలి వైపు ఆవపిండి ఇంకాస్త పడుతుంది."

"అయితే ఇటిచ్చెయ్ అన్నా," అని జూనియర్ చెయ్యి చాచాడు.

"ఉండరా, ఇంకో ముద్ద తింటే గానీ తేలదు."