బావగారి డెక్కు

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లలో చాలామందికి పెరటివైపు చెక్కతో కట్టిన అరుగొకటి కలిసొస్తుంది. దాన్నే డెక్కంటారు. చేపల వేపుడు వాసన ఇల్లంతా పట్టకుండా గ్యాసు పొయ్యి బయట పెట్టుకోవడానికి, దీపావళికి కాకరపువ్వొత్తులు కాల్చుకోవడానికి, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లు సాయంత్రం పూట కూర్చుని "ఇక్కడ మనుషులే కనపడరేంట్రా" అని నిట్టూర్చడానికి అది పనికొస్తుంది. మా బావగారికి మాత్రం డెక్కు ఉన్నది కడగడానికి. సరిగ్గా చెప్పాలంటే, దేంతో కడగాలో ఆలోచించడానికి.

బావగారంటే మా అక్క భర్త. నార్త్ కరోలినాలో, కేరీలో ఉంటారు. మేముండేది పక్క వీధిలోనే, అదీ నా ఖర్మ. ఇలాంటి బంధువు మీకూ ఒకరు ఉండే ఉంటారు. కుక్కరు రబ్బరు కొనాలన్నా ఎక్సెల్ షీటు తెరుస్తారు. హోటల్లో అందరూ తిని చేతులు కడుక్కునే వేళకి ఈయన ఇంకా మెనూ వెనకవైపు చదువుతూ ఉంటారు.

అక్క అన్నది ఒక్కటే మాట: "ఏవండీ, డెక్కు బూడిదరంగు తిరిగిపోయింది, ఈ ఏడన్నా స్టెయిన్ రంగు వేయించండి." అంతే, బావగారు అందుకున్నారు. బూడిదరంగంటే మురికి కాదట. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్కలో ఉండే లిగ్నిన్ని విరగ్గొడితే, వాన దాన్ని కడిగేస్తే, మిగిలిన పీచు రంగది. నల్ల చుక్కలు బూజు. మేకుల చుట్టూ ఉన్న నలుపు వేరే, అది ఇనుముకీ చెక్కలో ఉండే టానిన్‌కీ కుదిరిన పొత్తు. గ్రిల్లు పక్కన గుండ్రటి మరక సంగతి ఎవరూ అడగలేదు. అది నిరుటి బజ్జీల నాటిది, బూరెలమూకుడు సైజు కూడా అందులో కనిపిస్తుంది. ఇన్ని రోగాలకి ఒకే మందు ఎలా సరిపోతుందని ఆయన ప్రశ్న.

చిక్కేమిటంటే, ఆయన చెప్పేది ఎప్పుడూ తప్పు కాదు. మా పాప పుట్టినరోజున చేతిలో కేకు ప్లేటుతో నన్ను ఓ మూలకి తీసుకెళ్లి చెప్పారు. క్లోరిన్ బ్లీచి బూజుని చంపుతుంది గానీ, ఘాటుగా వాడితే చెక్క పీచు లేస్తుంది, పక్కన మొక్కలు మాడతాయి. కాస్టిక్ సోడా ఉన్న స్ట్రిప్పరు పాత స్టెయిన్‌ని ఊడదీస్తుంది, కానీ చెక్క నల్లబడుతుంది. సోడియం పెర్‌కార్బొనేట్ నీళ్లలో కలిపితే హైడ్రోజన్ పెరాక్సైడు, బట్టల సోడాగా విడిపోతుంది, చెక్కకి పెద్దగా హాని లేకుండా మురికీ బూజూ వదలగొడుతుంది. చివర్లో ఆక్సాలిక్ యాసిడ్ పూస్తే ఇనప మరకలు పోయి చెక్క రంగు తేలుతుంది. "మరింకేం, పెర్‌కార్బొనేట్ తెచ్చేయండి" అన్నాను. ఆయన నావంక జాలిగా చూశారు. "ఏ బ్రాండురా?"

హార్డ్‌వేర్ షాపులో ఆయనతో నిలబడ్డవాడికి కాలం విలువ తెలుస్తుంది. కళ్లజోడు నుదుటిమీదకి నెట్టి, డబ్బా తలకిందులు చేసి, చిన్న అక్షరాలు ఫోన్‌లో ఫొటో తీసి, పెద్దవి చేసుకుని చదువుతారు. సాయం చేద్దామని వచ్చిన షాపు కుర్రాడు ఈయన దగ్గరే నాలుగు ముక్కలు నేర్చుకుని వెళ్లాడు. చివరికి ఒకటి తేల్చలేక అన్ని రకాలూ కొన్నారు. గ్యారేజీలో బ్లీచి ఒక గోడకి, యాసిడ్ ఎదురు గోడకి పెట్టి, రెంటి మీదా తెలుగులో "కలపరాదు" అని మార్కరుతో రాశారు. కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది కాబట్టి అదీ సబబే.

తర్వాత పరీక్షలు. మెట్ల పక్కన టేపు అంటించి నాలుగు గళ్లు గీశారు. ఒక్కో గడిలో ఒక్కో మందు. ఆ గళ్లు తొక్కకూడదు. సత్యనారాయణ వ్రతానికి వచ్చిన చుట్టాలు పట్టుచీరలు ఎత్తిపట్టుకుని వాటి చుట్టూ తిరిగి వెళ్లారు. తెనాలి నుంచి వచ్చిన బావగారి అమ్మగారు అదంతా చూసి, "ఇత్తడి బిందెకి చింతపండు రాసి తోమినట్టు తోమితే పోయేదానికి ఇంత తతంగమా నాయనా?" అన్నారు. నేను నవ్వాను. బావగారు నవ్వలేదు. "అదేనమ్మా, చింతపండూ ఆక్సాలిక్కూ రెండూ ఆమ్లాలే!" అంటూ చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఎంతుంటుందో వెతకడం మొదలెట్టారు. అక్క లోపలికి వెళ్లి చింతపండు డబ్బా పై అరలోకి మార్చింది.

ఎట్టకేలకు సెప్టెంబరులో ముహూర్తం కుదిరింది. పెర్‌కార్బొనేట్‌ని గోరువెచ్చటి నీళ్లలో కలిపారు. కలిపాక కొన్ని గంటల్లోనే దాని శక్తి పోతుంది. వాయువు పుడుతుంది కాబట్టి మూత బిగించి దాచడానికీ లేదు. ఇవన్నీ మాకు చెప్పింది ఆయనే. సరిగ్గా అప్పుడే అట్లాంటా నుంచి స్నేహితుడు ఫోన్ చేశాడు, డెక్కు దేంతో కడగాలని. బావగారు డెక్కు చివర పచార్లు చేస్తూ మొదటినుంచీ చెప్పుకొచ్చారు. నేను నీళ్ల పైపు పట్టుకుని నిలబడ్డాను. బకెట్లో నురగ లేచింది, అణిగింది, నీళ్లు మిగిలాయి. రెండో బకెట్ కలిపేటప్పుడు అక్క ఫోన్ లాక్కుంది.

న్యాయంగా చెప్పాలంటే, ఆ తర్వాత ఆయన చేసిన పని చూడముచ్చటగా ఉంది. ఒక్కో పలక మీద మందు పోసి, పావుగంట ఆరిపోకుండా తడుపుతూ, పీచు వెంట బ్రష్షుతో రుద్దారు. ప్రెషర్ వాషర్ ఒత్తిడి 600 పీఎస్‌ఐ దాటనివ్వలేదు. మా వీధి చివరాయన ఇవేవీ పట్టించుకోకుండా పెద్ద మిషన్ అద్దెకి తెచ్చి, మధ్యాహ్నానికల్లా ముగించి, మమ్మల్ని చూసి నవ్వుకుంటూ వెళ్లాడు. ఆయన డెక్కు మీద ఇప్పుడు నాగలి చాళ్లున్నాయి. ఆయన పిల్లల అరికాళ్లలో పేళ్లు తీసిపెట్టింది మా అక్కే.

ఆక్సాలిక్ యాసిడ్ పూసి కడిగాక డెక్కు కొత్త చెక్కలా తేలింది. ఇక ఆరాలి. రెండు సూదులున్న తేమ మీటరొకటి కొన్నారు. తేమ 15 శాతానికి దిగాలి. డెక్కు ఆరేలోగా ఆ మీటరు డైనింగ్ టేబుల్‌నీ, అక్క చపాతీ పీటనీ కూడా పొడిచింది. పీట 11 శాతమట. మూడోరోజుకి డెక్కు కూడా దారికొచ్చింది. నీటిబొట్టు వేస్తే ముత్యంలా నిలవకుండా చెక్కలోకి ఇంకిపోయింది. అంటే స్టెయిన్‌కి సిద్ధమన్నమాట. ఎండా లేదు, వానా లేదు, 70 డిగ్రీల ఫారెన్‌హీట్. నేను పాత చొక్కా వేసుకుని బ్రష్షుతో వెళ్లాను.

బావగారు మెట్ల మీద లాప్‌టాప్‌తో కూర్చున్నారు. "ఒరేయ్, ఆయిల్ బేస్డ్ మంచిదా, వాటర్ బేస్డ్ మంచిదా?"

చలికాలం మొత్తం అది తేలలేదు. ఏప్రిల్‌కి పైన్ చెట్ల పుప్పొడి ఊరంతా పసుపు చల్లింది, డెక్కు మీద వేలితో పేరు రాసుకోవచ్చు. "మళ్లీ కడగాల్సిందే" అన్నారు బావగారు, ఆ గొంతులో విచారం ఇసుమంతైనా లేదు. కేరీలో ఇంత శుభ్రంగా కడిగిన డెక్కు ఇంకొకటి ఉండదు. రంగు మాత్రం ఇంకా పడలేదు.

అయ్యా, అమ్మా, స్టెయిన్ సెమీ ట్రాన్స్‌పరెంట్ వేయాలా, సాలిడ్ వేయాలా అన్నదాని మీద మీలో ఎవరికైనా గట్టి అభిప్రాయం ఉంటే, దయచేసి మా బావగారికి చెప్పకండి.